వాగులో దొరికిన పీత: గురువు నీడలో పరిచర్య చేసిన ఆర్గనిస్టు క్రెబ్స్



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వెళ్లిపోయారు. కీబోర్డు వాయించే మన తమ్ముడు వైర్లు చుట్టుకుంటూ ఒక మాట అన్నాడు. "అయ్యగారూ, ఆరేళ్లయింది నేను వాయించబట్టి. పాడేవాళ్ల పేరు అందరికీ తెలుసు. వాక్యం చెప్పేవాళ్ల పేరు తెలుసు. వెనకాల వాయించేవాడు ఎవరికి గుర్తుంటాడు? పట్నంలో పెద్ద చర్చిలో వాయిస్తే నలుగురికీ తెలుస్తుందంట." ఆ మాటలో కోపం లేదు, అలసట ఉంది. ఆ పూట మాకు జవాబు తోచలేదు. భుజం తట్టి ఇంటికి పంపించాం.

ఈ వారమంతా ఆ మాట మా మనసులో తిరుగుతూనే ఉంది. అందుకే ఈసారి ఒక మనిషి చరిత్ర రాస్తున్నాం. ఆయన కూడా వెనకాల కూర్చుని వాయించినవాడే. 18వ శతాబ్దపు జర్మనీ దేశస్థుడు. పేరు యోహాన్ లుడ్విగ్ క్రెబ్స్. యోహాన్ అంటే మన యోహానే. ఈ పేరు మీలో చాలామంది విని ఉండరు. ఆయన గురువు పేరు మాత్రం వినే ఉంటారు: యోహాన్ సెబాస్టియన్ బాఖ్. ఆరాధన కోసం రాసిన సంగీతానికి మొదట యేసు సహాయం అడుగుతూ, చివర దేవునికే మహిమ అని అక్షరాలు వేసుకున్న భక్తుడాయన. ఈ రోజు మన కథ మాత్రం గురువుది కాదు, శిష్యుడిది.

ముందుగా ఆర్గన్ అంటే ఏమిటో చెప్పుకుందాం. మన కీబోర్డుకి కరెంటు ఉంటే చాలు. ఆ రోజుల్లో చర్చి ఆర్గన్ అంటే ఒక ఇల్లంత వాద్యం. వందల గొట్టాలు, కొన్ని చోట్ల వేల గొట్టాలు. కొన్ని తగరంతో, కొన్ని చెక్కతో చేసినవి. కొన్ని వేలంత, కొన్ని ఇంటి దూలం కంటే పొడుగు. వాటిలోకి గాలి పంపడానికి, కమ్మరి కొలిమికి ఉన్నట్టే, పెద్ద పెద్ద తిత్తులు ఉండేవి. వాటిని తొక్కడానికి వెనకాల మనుషులు ఉండేవారు. వాయించేవాడు రెండు చేతులతో మెట్లు నొక్కుతూ, రెండు కాళ్లతో కింద ఉన్న చెక్కలు తొక్కుతూ, పక్కనున్న పిడులు లాగి ఏ గొట్టాలు పలకాలో నిర్ణయించేవాడు. లూథరన్ సంఘంలో జనమంతా కలిసి కీర్తన పాడటం ఆరాధనకు ప్రాణం. కీర్తన మొదలయ్యే ముందు ఆర్గనిస్టు ఆ రాగాన్ని అల్లి వినిపించి, సంఘాన్ని పాటలోకి నడిపించేవాడు. ఆర్గన్ ఎక్కువగా వెనుక వైపు, పై అంతస్తులో ఉండేది. కింద కూర్చున్నవాళ్లకు వాయించేవాడి ముఖం కనిపించేది కాదు.

క్రెబ్స్ 1713లో జర్మనీ మధ్య భాగమైన తురింగియాలో, వైమార్ పట్టణానికి దగ్గరలో ఉన్న బుట్టెల్‌స్టెట్ అనే చిన్న ఊరిలో పుట్టాడు. అక్టోబరు 12న బాప్తిస్మం ఇచ్చారు. ఆయన కథ చెప్పాలంటే ముందు తండ్రి కథ చెప్పాలి. తండ్రి యోహాన్ టోబియాస్ క్రెబ్స్ ఆ ఊరి చర్చిలోనే ఆర్గన్ వాయించేవాడు, పాట నేర్పేవాడు. ఉద్యోగం ఉంది, ఇల్లు ఉంది, సంసారం ఉంది. అయినా తనకు వచ్చింది చాలదని ఆయనకు తెలుసు. వైమార్‌లో వాల్టర్ అనే మంచి విద్వాంసుడు ఉన్నాడని, తరువాత బాఖ్ కూడా అక్కడే ఉన్నాడని, ఆ ఊరికి నడిచి వెళ్లేవాడు. పది కిలోమీటర్ల పైచిలుకు దారి. ఒక వారం కాదు, ఒక నెల కాదు, ఏడేళ్ల పాటు అలా నడిచాడు. మొదట వాల్టర్ దగ్గర, ఆ తరువాత బాఖ్ దగ్గర, 1717లో బాఖ్ వైమార్ విడిచి వెళ్లేవరకు నేర్చుకున్నాడు.

ఆ నడకలో ఆయన వట్టి చేతులతో తిరిగి రాలేదు. గురువుల దగ్గర ఉన్న సంగీతాన్ని కాగితాల మీద రాసుకుని తెచ్చుకున్నాడు. అప్పుడు సంగీతాన్ని అచ్చు వేయించడం బాగా ఖర్చుతో కూడిన పని. ఆర్గన్ కోసం రాసినవాటిలో అచ్చయినవి చాలా కొద్ది. నేర్చుకోవాలంటే చేత్తో రాసుకోవాల్సిందే. ఐదు పాళీలు పక్కపక్కన ఉన్న కలంతో కాగితం మీద ఐదేసి గీతలు గీసుకుని, ఈక కలంతో ఒక్కొక్క స్వరం దించుకోవాలి. బాఖ్ చిన్నప్పుడు తానే అలా నేర్చుకున్నాడు. తల్లిదండ్రులు పోయాక అన్న ఇంట్లో ఉంటూ, అన్న ఇవ్వనన్న సంగీత పుస్తకాన్ని వెన్నెల వెలుగులో దొంగచాటుగా ఎత్తి రాసుకున్నాడని, ఆయన చనిపోయాక 1754లో అచ్చయిన సంస్మరణ వ్యాసం చెబుతుంది.

1726 నాటికి యోహాన్ లుడ్విగ్‌కు పన్నెండేళ్లు నిండాయి. తండ్రి అతన్ని లైప్‌జిగ్ నగరానికి తీసుకెళ్లి పరిశుద్ధ తోమా పేరున్న బడిలో చేర్పించాడు. తరువాత ఇద్దరు తమ్ముళ్లు కూడా ఆ బడికే వెళ్లారు. అప్పటికి మూడేళ్లుగా బాఖ్ అక్కడ సంగీత గురువు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. 1723లో లైప్‌జిగ్ నగర పెద్దలు ఆ ఉద్యోగానికి ముందుగా కోరుకున్నది బాఖ్‌ను కాదు. టెలిమన్ అనే పేరున్న సంగీతకారుణ్ని అడిగారు, ఆయన రాలేదు. గ్రౌప్నర్‌ను అడిగారు, ఆయన యజమాని వదల్లేదు. చివరికి బాఖ్‌ను తీసుకున్నారు. లోకం ఈ రోజు పేరుపెట్టి చెప్పుకునే ఆ గురువు కూడా మూడవ ఎంపికగానే ఆ గడప దాటాడు.

ఆ బడి పిల్లలే నగరంలోని చర్చిల్లో ఆరాధన పాటలు పాడేవారు. మత్తయి సువార్త ప్రకారం ప్రభువు శ్రమలను బాఖ్ సంగీతంగా కూర్చింది ఆ కాలంలోనే. 1727 శుభ శుక్రవారం నాడు అది మొదటిసారి వినిపించిందని పండితులు చెబుతారు. క్రెబ్స్ అప్పుడు ఆ బడి విద్యార్థే. తొమ్మిదేళ్లు బడిలో ఉన్నాడు. బడి అయ్యాక విశ్వవిద్యాలయంలో చదువుతూ ఇంకో రెండేళ్లు గురువు దగ్గరే ఉండి, ఆయన నడిపే సంగీత బృందంలో వాయించాడు. 1735 ఆగస్టులో బాఖ్ శిష్యుడికి ఒక యోగ్యతా పత్రం రాసి ఇచ్చాడు. ఆ కాగితం ఈ రోజుకీ తెలిసినదే. ఈ కుర్రవాడు మెట్ల వాద్యాలలోనూ, వయొలిన్‌లోనూ, లూట్ అనే తంత్రీవాద్యంలోనూ, కొత్త సంగీతం కూర్చడంలోనూ నలుగురి ముందు సిగ్గుపడాల్సిన పని లేనంతగా ఎదిగాడని దాని సారాంశం. బాఖ్ ఊరికే పొగిడే మనిషి కాడు.

జర్మన్ భాషలో బాఖ్ అంటే వాగు. క్రెబ్స్ అంటే పీత, మన పక్క ఎండ్రకాయ అంటాం. ఇంత పెద్ద వాగులో దొరికిన పీత ఒక్కటే అని ఆ రోజుల్లో ఒక చమత్కారం పుట్టింది. బాఖ్‌కు శిష్యులు చాలామంది ఉన్నా అసలైన శిష్యుడు క్రెబ్సే అని దాని భావం. చేపలు పట్టే మన ఊరివాళ్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది.

ఇంత విద్య, ఇంత మంచి గురువు, ఇంత మంచి పత్రం. మరి పెద్ద ఉద్యోగం వచ్చి ఉండాలి కదా? రాలేదు.

1737లో జ్విక్కావ్ అనే ఊరిలో మరియ పేరున్న చర్చిలో ఆర్గనిస్టుగా చేరాడు. అక్కడి ఆర్గన్ మంచి స్థితిలో లేదు. ఆ కాలంలో ఆర్గన్లు కట్టడంలో ఎంతో పేరున్న గాట్‌ఫ్రీడ్ సిల్బర్‌మన్ చేత కొత్తది కట్టించాలని ప్రయత్నం జరిగింది. డబ్బు సమకూడలేదు. చేతిలో విద్య ఉంది, ముందు వాద్యం సరిగా లేదు. ఆ ఆర్గన్ మీదే ఆదివారం వెంట ఆదివారం ఏడేళ్లు వాయించాడు. అక్కడ ఉండగానే పెళ్లయింది. 1744లో జైట్స్ అనే ఊరికి, అక్కడి కోట చర్చికి మారాడు.

1750 జూలైలో బాఖ్ చనిపోయాడు. లైప్‌జిగ్‌లో గురువు కూర్చున్న స్థానం ఖాళీ అయింది. బాఖ్ ఇంకా బతికుండగానే, 1749లోనే, హారర్ అనే ఆయనను పరీక్షించి చూసి పెట్టుకున్నారు. ఆయనకే ఇచ్చారు. 1755లో హారర్ కూడా చనిపోయాడు. ఈసారి డోలెస్ అనే ఆయనకు ఇచ్చారు. డోలెస్ కూడా బాఖ్ శిష్యుడే. గురువు తరువాత ఆ స్థానం కోసం క్రెబ్స్ అర్జీ పెట్టుకున్నాడు గాని అది ఆయనకు దక్కలేదు.

ఇక్కడ ఒక నిమిషం ఆగుతాం. ఈ భాగం రాస్తుంటే మా కలం కాస్త నెమ్మదించింది. మేము కూడా ఒకప్పుడు పట్టణంలో ఒక పెద్ద సంఘం నుండి పిలుపు వస్తుందని ఎదురుచూసిన వాళ్లమే. వెళ్లి వాక్యం చెప్పి వచ్చాం. అందరూ బాగుందన్నారు. పిలుపు మాత్రం మరొకరికి వెళ్లింది. ఆ రాత్రి ఆఖరి బస్సులో తిరిగి వస్తుంటే మా ఇంటి అమ్మగారు ఒక్క మాట కూడా మాట్లాడలేదు, మేమూ మాట్లాడలేదు. అర్జీ పెట్టడం పాపం కాదు. ఆశపడటం కూడా పాపం కాదు. అది దక్కనప్పుడు మరుసటి ఆదివారం ఏం చేస్తామన్నదే ప్రశ్న.

క్రెబ్స్ ఏం చేశాడు? 1756లో ఆల్టెన్‌బుర్గ్ అనే ఊరి కోట చర్చిలో ఆర్గనిస్టుగా చేరాడు. ఏడుగురు పిల్లల సంసారం. ఆదాయం అంతంత మాత్రమే. అప్పటికి లోకం అభిరుచి కూడా మారిపోయింది. నాలుగైదు స్వరాలు ఒకదానినొకటి తరుముతూ అల్లుకునే బాఖ్ తరహా సంగీతం పాతబడిపోయిందని జనం అనుకుంటున్నారు. తేలికగా, ముద్దుగా సాగే ఒంటి రాగాలు అప్పుడు కొత్త. బాఖ్ సొంత కొడుకులే కొత్త దారి పట్టారు. క్రెబ్స్‌కు ఆ కొత్త పద్ధతి కూడా తెలుసు, ఆ తరహాలో రాశాడు కూడా. కాని గురువు నేర్పిన ఆ కష్టమైన అల్లికను మాత్రం వదల్లేదు.

ఆయన రాసినవాటిలో మన తమ్ముడికి ఉపయోగపడే సంగతి ఒకటుంది. సంఘ కీర్తనల మీద ఆయన ఒక సంపుటి అచ్చు వేయించాడు. అందులో ప్రతి కీర్తనకూ మూడు రూపాలు ఇచ్చాడు. మొదటిది కీర్తనకు ముందు వాయించే ఆలాపన. రెండవది రాగాన్ని అల్లిన రూపం. మూడవది సంఘం పాడుతుంటే కింద ఆనుగా వాయించడానికి సాదా రూపం. అంటే వేళ్ల నేర్పు చూపించే చోటు ఒకటుంది, పాడేవాళ్లకు ఆసరాగా నిలిచే చోటు ఒకటుంది, రెండూ తెలియాలని అర్థం. కొన్ని కీర్తనలకు ఆర్గన్‌తో పాటు బూర గాని, మన సన్నాయి లాంటి ఓబో గాని కలిపి రాశాడు.

ఆల్టెన్‌బుర్గ్‌లో దేవుడు ఆయనకు ఒకటి దాచి ఉంచాడని మేము నమ్ముతున్నాం. ఆ కోట చర్చిలో ట్రోస్ట్ అనే శిల్పి కట్టిన గొప్ప ఆర్గన్ ఉంది. అది పూర్తయిన 1739లో బాఖ్ స్వయంగా వచ్చి దానిని వాయించి చూశాడు. పదిహేడేళ్ల తరువాత శిష్యుడు వచ్చి అదే బల్ల మీద కూర్చున్నాడు. లైప్‌జిగ్‌లో గురువు స్థానం దక్కనివాడికి, గురువు వేళ్లు తాకిన మెట్లు ఇక్కడ దక్కాయి. జ్విక్కావ్‌లో దొరకని మంచి వాద్యం ఇక్కడ దొరికింది. ఆ స్థానంలో 23 ఏళ్లకు పైగా పరిచర్య చేశాడు. 1780 జనవరి 1న, కొత్త సంవత్సరం మొదటి రోజున, ఆ ఊరిలోనే ప్రభువు నందు నిద్రించాడు. తరువాత ఆ బల్ల మీద ఆయన కొడుకు కూర్చున్నాడు. ఆ ఆర్గన్ ఈ రోజుకీ ఉంది, ఈ రోజుకీ పలుకుతోంది.

ఇంతటితో కథ అయిపోతే, పాపం మంచివాడే గాని పైకి రాలేదు అనుకుని ఊరుకునేవాళ్లం. అసలు సంగతి ఆయన పెట్టెలో ఉంది.

తండ్రి వైమార్ నడిచి వెళ్లి రాసుకున్న కాగితాలు గుర్తున్నాయి కదా. కొడుకు వాటిని పారేయలేదు. వాటికి తోడు తానూ ఎత్తి రాశాడు. వాల్టర్ రాసినవి, తండ్రి రాసినవి, కొడుకు రాసినవి కలిసిన మూడు పెద్ద సంపుటాలు నేడు బెర్లిన్‌లోని ప్రభుత్వ గ్రంథాలయంలో ఉన్నాయి. బాఖ్ ఆర్గన్ కోసం రాసినవాటిలో చాలావాటికి ఆయన సొంత చేతిరాత ప్రతులు మిగల్లేదు. శిష్యులు ఎత్తి రాసుకున్న ప్రతుల వల్లనే అవి మనకు చేరాయి. అందులో క్రెబ్స్ కుటుంబం ప్రతులు ముఖ్యమైనవి. బాఖ్ పోయిన నూరేళ్లకు, 1850లో, ఆయన సంగీతమంతా అచ్చు వేయాలని జర్మనీలో ఒక సంఘం ఏర్పడింది. శిష్యులు, శిష్యుల శిష్యులు దాచిన అలాంటి కాగితాలు లేకుంటే వాళ్లకు అచ్చు వేయడానికి చాలా చోట్ల ఏమీ ఉండేది కాదు. కొన్ని చిన్న ఆర్గన్ కృతులు గురువు రాసినవా, శిష్యుడు క్రెబ్స్ రాసినవా అని పండితులు చాలాకాలం వాదించుకున్నారు. శిష్యుడి చేయి గురువు చేతికి అంత దగ్గరగా వచ్చింది మరి.

బైబిలులో ఇలాంటి మనిషి ఒకడున్నాడు. నేరీయా కుమారుడైన బారూకు. యిర్మీయా చెప్పగా గ్రంథపు చుట్టలో రాసినవాడు. యిర్మీయా 36వ అధ్యాయం చదవండి. యెహోయాకీము రాజు ఆ చుట్టను చాకుతో కోసి కుంపటిలో కాల్చేశాడు. బారూకు ఏం చేశాడు? ఇంకో చుట్ట తీసుకుని మొదటి నుండి మళ్లీ రాశాడు. రాజు కాల్చిన మాటలు ఈ రోజు మన చేతుల్లో ఉన్నాయి. 45వ అధ్యాయంలో అదే బారూకు అలసిపోయి మూలుగుతాడు. అప్పుడు దేవుడు అతనికి చెప్పినదాని సారం ఇదే: నీ కోసం గొప్పవాటిని వెదకవద్దు, నువ్వెక్కడికి వెళ్లినా నీ ప్రాణం నేను కాపాడతాను. దేవుడు అతన్ని గద్దించి వదిలేయలేదు. పేరు పెట్టి పలకరించి, అతని కోసం ప్రత్యేకంగా ఒక అధ్యాయం రాయించాడు. ఇశ్రాయేలు రాజు సైతం సింహాసనం ఎక్కాక ధర్మశాస్త్రపు ప్రతి ఒకటి తన కోసం రాసుకోవాలని ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయం చెబుతుంది. ఎత్తి రాయడం దేవుని దృష్టిలో చిన్న పని కాదు.

క్రెబ్స్ జైట్స్‌లో ఆర్గన్ వాయిస్తున్న ఆ సంవత్సరాల్లోనే, అక్కడికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని హాలె పట్టణంలో మన తెలుగు అక్షరాలు అచ్చయ్యాయి. మద్రాసులో పనిచేస్తూ తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ 1743లో జర్మనీ తిరిగి వెళ్లి, 1746, 1747 సంవత్సరాల్లో తెలుగులో క్రైస్తవ పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగు అక్షరాల్లో అచ్చయిన తొలి పుస్తకాల్లో అవి ఉన్నాయి. ఆయన చేసిన బైబిలు తర్జుమా మాత్రం అచ్చు కాలేదు, చేతిరాతగానే ఉండిపోయింది. ఆయన కూడా విత్తి వెళ్లినవాడే. కోత మనం చూస్తున్నాం.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటకు పైన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. కాని ఆ పాట నిజంగా ఎలా నడుస్తుందో పుస్తకం చెప్పదు. ఒకరి నోటి నుండి ఒకరికి రావాల్సిందే. మన సంఘంలో పాత కీర్తనల్ని సరైన నడకలో పాడగలిగిన పెద్దమ్మలు ఇప్పుడు ముగ్గురే మిగిలారు. అందరికీ డెబ్బై దాటాయి. వాళ్లు ప్రభువు దగ్గరకు వెళ్లేలోగా ఎవరైనా వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకుంటారా? క్రెబ్స్ తండ్రి ఏడేళ్లు నడిచాడు. మనకు ఆ ఇళ్లు రెండు వీధుల అవతలే.

పౌలు తిమోతికి రాసిన రెండవ పత్రిక 2వ అధ్యాయం 2వ వచనంలో నాలుగు తరాలు కనిపిస్తాయి: పౌలు, తిమోతి, తిమోతి అప్పగించే నమ్మకమైన మనుషులు, వాళ్లు నేర్పే ఇతరులు. మధ్యలో ఉన్న ఆ నమ్మకమైన మనుషుల పేర్లు అక్కడ లేవు. కాని వాళ్లు లేకుంటే సువార్త మన ఊరి దాకా వచ్చేది కాదు.

కాబట్టి, తమ్ముడూ, నీకు మా జవాబు ఇది. పట్నం వెళ్లాలని దేవుడు నడిపిస్తే మేమే ప్రార్థన చేసి పంపిస్తాం. కాని ఎవరికీ తెలియనని మాత్రం దిగులుపడకు. వచ్చే శనివారం సాయంత్రం ఒక నోటు పుస్తకం తీసుకుని పాస్టరు ఇంటికి రా. పెద్దమ్మల్ని కూడా పిలుస్తాం. అమ్మగారు టీ పెడతారు. వాళ్లు పాడతారు, నువ్వు స్వరాలు రాసుకో, ఫోనులో రికార్డు కూడా చేసుకో. మొదటి పేజీలో తేదీ వెయ్యి. దూరాన ఉన్న మన సంఘ బిడ్డల్లో ఎవరికైనా తాత, నాయనమ్మ పాడిన పాటలు గుర్తుంటే, పాడి మాకు పంపించండి. అవి కూడా ఆ పుస్తకంలో చేరతాయి.

ప్రార్థన చేద్దాం. పరలోకపు తండ్రీ, కనిపించని చోట కూర్చుని నీ ఆరాధనను మోస్తున్న బిడ్డలందరినీ జ్ఞాపకం చేసుకో. అడిగినది దక్కనప్పుడు మా చేతులు జారిపోకుండా పట్టుకో. మాకు అప్పగించినది మేము పోగొట్టకుండా మా తరువాతి వాళ్లకు అందించేలా సహాయం చెయ్యి. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.